నాకూ ఒక బేరం వచ్చింది

నేనొక హాలిడే క్లబ్బు సభ్యత్వ పత్రాన్ని. బంగారు అంచు, గుండ్రటి ముద్ర, ప్లాస్టిక్ కవరు. ఏటా వారం రోజులు, పాతికేళ్లపాటు నచ్చిన రిసార్టులో దిగొచ్చని నా ముఖాన పెద్దగా రాసుంది. 'గదులు ఖాళీ ఉంటేనే' అన్న ముక్క మాత్రం వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

పుట్టింది హైదరాబాదులో, ఒక హోటలు హాల్లో. ఎగ్జిబిషన్లో కూపను నింపిన పాపానికి మేష్టారినీ అమ్మగారినీ భోజనానికి పిలిచి, ఊపిరాడనివ్వకుండా మాట్లాడి సంతకం పెట్టించారు. అలా వాడపల్లి చేరి బీరువాలో పడ్డాను. ఏడు శనివారాల మొక్కని ఎక్కడెక్కడి జనమో ఈ ఊరి వెంకన్న దగ్గరికొస్తుంటే, వీళ్లు ఎక్కడికో పోదామని నన్ను కొన్నారు! ఎప్పుడడిగినా గదులు లేవనేవారు. ఏడాది మెయింటెనెన్సు బిల్లు మాత్రం తప్పలేదు.

ఒకరోజు ఫోనొచ్చింది. "మీ సభ్యత్వానికి ముంబైలో పార్టీ ఉందండీ, ఆరు లక్షలిస్తాడు." నా నంబరు, పాత బాకీ గడగడా అప్పజెప్పాడు. ఇలాంటి వివరాల జాబితాలు చేతులు మారుతుంటాయని మేష్టారికేం తెలుసు? వాట్సాప్‌లో ముద్రలేసిన ఉత్తరమూ దిగింది. ముందుగా జీఎస్టీ, ఎన్‌ఓసీ ఖర్చులు కట్టాలట, అమ్మకం అయ్యాక అవీ వెనక్కొస్తాయట. ఆరు లక్షలనేసరికి కవర్లో నేను ఉబ్బిపోయాను.

చేటలో బియ్యం ఏరుతున్న అమ్మగారు తలెత్తారు. "ఏవండీ, మనకి డబ్బిచ్చేవాడికి మనమే ఎదురు కట్టడమేంటండీ? అందులోనే పట్టుకుని మిగతాది పంపమనండి."

మేష్టారు అదే అడిగారు. రూల్సు ఒప్పుకోవన్నాడు. మళ్లీ అడిగితే, సాయంత్రంలోగా కట్టకపోతే పార్టీ జారిపోతాడన్నాడు. మూడోసారికి కసిరి పెట్టేశాడు. పాత రసీదు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే, అసలు అలాంటి బదిలీయే లేదని తేలింది.

అమ్మగారు అడిగిన ప్రశ్నే యూరప్‌లో చట్టమైంది. ఇలాంటి సభ్యత్వం అమ్మిపెడతానన్న దళారి, అమ్మకం పూర్తయ్యేదాకా పైసా పుచ్చుకోకూడదని 2009లోనే అక్కడ నిర్దేశం తెచ్చారు. మెక్సికోలో డ్రగ్సు ముఠాలే ఈ మోసాల వ్యాపారంలోకి దిగాయి. 2019–2023 మధ్య దాదాపు 6,000 మంది అమెరికన్లు ఇలా సుమారు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారని ఎఫ్‌బీఐ లెక్క.

నన్ను వదిలించుకునే అసలు దారికి ఇంత హంగామా లేదు. రద్దు చేయమని మేష్టారు సంస్థకి రిజిస్టర్డ్ పోస్టులో రాశారు, నకలు దాచుకున్నారు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక హైదరాబాదు పోనక్కర్లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వివాదం మొదలైన 2 ఏళ్లలోపు మాత్రం వేయాలి. సలహాకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇప్పటికే అలాంటివాడికి డబ్బు పంపేసి ఉంటే, పరువు పోతుందని దాచకండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ డబ్బు ఇంకో ఖాతాకి జారకముందే బ్యాంకు ఆపగలదు.