అరకు మీద గేమ్ కథ రాయాలనుకునే కుర్రకారుకి నా అనుభవసారం

వీడియో గేములకి కథ రాయడం నేర్పమని, అదీ అరకు కొండల మీద రాయడం నేర్పమని ఈమధ్య పిల్లలు నా వెంట పడుతున్నారు. నాకు అర్హత ఉంది. అద్దాల బోగీలో రెండుసార్లు అరకు వెళ్లొచ్చాను, రెండోసారి రెండు రాత్రులు ఉండిపోయాను కూడా. బొంగులో చికెన్ తిన్నాను. వలిసె పూలతోటలో నిలబడి ఫోటో దిగాను. నేను రాసిన గేమ్ ఇంకా బయటికి రాలేదు. దానికి వేరే కారణాలున్నాయి, ఇక్కడ అనవసరం.

అన్నిటికన్నా ముందు, పరిశోధనంతా రైల్లోనే ముగించెయ్యండి. ఆ దారిలో 58 సొరంగాలున్నాయంటారు. చీకటి, లోయ, మళ్లీ చీకటి, మళ్లీ కొండ. ఒక్కో సొరంగం ఒక్కో లోడింగ్ స్క్రీను అనుకోండి, లెవెల్ డిజైను సగం అయిపోయినట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లతో గూడ్సుబండి ఎదురొస్తుంది. అప్పుడు అటు చూడకండి. చూస్తే ఈ లైను ఎవరికోసం వేశారన్న అనుమానం పుడుతుంది. బైలదిల్లా ఇనపరాయిని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి 1960లలో వేశారనీ, మనలాంటివాళ్లం రాయి దిగే దారిలో తర్వాతెప్పుడో ఎక్కామనీ తెలిసిపోతుంది. అక్కడితో కథ తనంతట తనే మొదలైపోతుంది. మనం కలం తీయకముందే మొదలైపోయే కథ మన మాట వినదు.

ఇక గేమ్ ఆరంభం. పదకొండు నిమిషాల కట్‌సీను తప్పనిసరి. బరువైన గొంతు, పొగమంచు, ‘వేల ఏళ్ల క్రితం తూర్పు కనుమల్లో’ అని ఎత్తుగడ. గోస్తని ఏరు, బొర్రా గుహ, పైన కన్నంలోంచి లోపల పడ్డ ఆవు, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరి, లోపల శివలింగం, ఇవన్నీ మనమే చెప్పెయ్యాలి. ఆటగాడు బటన్ల మీంచి చెయ్యి తీసి, టీ పెట్టుకుని వచ్చేలోగా అతనికి మన ప్రపంచమంతా అర్థమైపోవాలి. నన్ను అరకులో జీపులో తిప్పిన కుర్రాడికి ఇది ఫోన్‌లో చూపించాను. డిగ్రీ రెండో ఏడు చదువుతూ సెలవురోజుల్లో జీపు తోలుతున్నాడు. రెండు నిమిషాలు చూసి, “ఆవు కోసం నన్ను దిగమనొచ్చు కద సార్? చీకట్లో గంట చప్పుడు ఇనబడతంటే నేనే ఎతుక్కుంతాను,” అన్నాడు. ఇలాంటివాళ్ల మాటలు వినొద్దు. కాపరి దిగిన చీకట్లోకి ఆటగాణ్ణే దింపేస్తే ఇంక మన బరువైన గొంతుకి పనేముంటుంది? డబ్బింగు కళాకారుడికి అడ్వాన్సు ఇచ్చేశాం కూడా.

కథానాయకుడు పట్నంవాడై ఉండాలి. జీన్సు ప్యాంటు, వీపున సంచి, చిన్నప్పుడు పోయిన తండ్రి. కొండ మీదివాళ్లు అతనికోసం ఎదురుచూస్తూ, తలమీద పసుపుపచ్చటి ఆశ్చర్యార్థకం గుర్తుతో, తిండీ పనీ మానుకుని గుమ్మంలో నిలబడి ఉండాలి. ఒకడు పది తేనెకుండలు తెమ్మంటాడు, ఇంకొకడు పది అడ్డాకుల కట్టలు తెమ్మంటాడు. పుట్టి పెరిగిన అడవిలో వాళ్లకి దొరకని తేనె, నిన్న రైలు దిగినవాడికి ఎలా దొరుకుతుందని అడిగే ఆటగాడు మన ఆటగాడు కాడు.

వాళ్లందరికీ కలిపి ఒకే భాష కల్పించండి. బగత, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, కోదు, వాల్మీకి అని విడదీస్తూ పోతే మెనూ పట్టదు. కువి ఒకరిది, గదబ ఒకరిది, ఆదివాసీ ఒరియా అందరినీ కలిపేది, తెలుగు ఇంకొకరిది. డైలాగు బడ్జెటు ఏం కావాలి? మా జీపు కుర్రాడు నాతో తెలుగు, సంతలో ఆదివాసీ ఒరియా, కలకత్తా టూరిస్టులతో హిందీ, ఫోన్‌లో వాళ్ల నాయనమ్మతో నాకు అర్థంకానిదేదో మాట్లాడాడు. సంతలో ఒక విచిత్రం కూడా చూశాను. నేను తెలుగులో అడిగితే పిప్పళ్లకి ఒక ధర చెప్పారు, అతను ఒరియాలో అడిగితే ఇంకో ధర చెప్పారు. నాయనమ్మ భాషలో అడిగితే ధర చెప్పలేదు, ముందు కూర్చోమని పీట వేశారు. భాష మారితే ధర మారడం, ధరతోపాటు మర్యాద మారడం గేమ్‌లో పెడితే బాగుంటుందని ఒక్క క్షణం నాకూ అనిపించింది. వెంటనే సర్దుకున్నాను. ఆటగాడు భాషలు నేర్చుకుంటూ కూర్చుంటే తేనెకుండలు ఎవడు తెస్తాడు?

సంత మాట వచ్చింది కాబట్టి ఎంపికల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రతి మలుపులోనూ రెండు దారులు ఇవ్వండి. పది మలుపులకి 1,024 ముగింపులవుతాయి. పోస్టరు మీద ఆ అంకె పెద్దక్షరాల్లో వెయ్యండి. రాయడం మొదలెట్టాక, ఆరో మలుపు దగ్గర 64 దారులు నోళ్లు తెరుచుకుని నిలబడ్డప్పుడు, చడీచప్పుడు లేకుండా అన్నిటినీ ఒకే ముగింపుకి అతికించెయ్యండి. లేదా ‘సరే’, ‘అలాగే’ అని రెండు బటన్లు ఇవ్వండి. నేను ఆ రెండో పద్ధతిలోనే ఉన్నాను.

ఈ లెక్క సంతలో పైకే గొణుక్కుంటున్నాను కాబోలు, కొండచీపుళ్లు అమ్ముతున్న ముసలమ్మ ఏటని అడిగింది. కుర్రాడు ఆవిడ భాషలో చెప్పాడు. ఆవిడ నవ్వి ఏదో అంటే అతను నాకు తెలుగు చేశాడు: “ఏ కొండ దిగినా సంతకే వస్తాం బాబూ. దారులు నాలుగుంటే ఏటి, నలబై ఉంటే ఏటి? బుట్టలో ఏటి తెచ్చినావు, దార్లో ఎవులికి పెట్టినావు, అదే కద సూస్తారు.”

దారులు విడిపోయి మళ్లీ ఒక చోట కలవడం, కలిసినచోట బుట్టలో ఉన్నదాన్ని బట్టి మాట తీరు మారడం. 1,024 ముగింపులు రాయకుండానే ప్రతి ఆటగాడికీ తన ఆట తనదే అనిపించే ఏర్పాటు ఇదేనని తర్వాత ఒక మిత్రుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చీపుళ్లమ్మే ఆవిడ దగ్గర నిర్మాణం నేర్చుకున్నామని పెట్టుబడిదారుడికి ఎలా చెప్పుకుంటాం?

థింసా గురించి ఒక గట్టి హెచ్చరిక. మెనూలో ఒక మూల, ‘డాన్స్’ బటన్ కింద పెట్టి వదిలెయ్యండి. థింసాలో రకాలున్నాయని మొదలెడితే మీరు మునిగిపోతారు. గ్రామదేవత కోసం ఆడేది బోడ థింసా. ఆకులు ఏరడం చూపించేది పోతర్‌తోల. భుజాలతో నెట్టుకుంటూ ఆడేది కుండ థింసా. ఒంటరిగా ఆడేది నాటికారి. వీటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది బాగ్ థింసా. బాగ్ అంటే పులి. సగంమంది చేతులు కలిపి వలయం కడతారు, మునివేళ్ల మీద లేచి తలలు వంచుతూ ఎత్తుతూ ఉంటారు. మిగతా సగం లోపలికి దూరి పాములా చుట్టలు చుట్టుకుంటూ తిరుగుతారు. తుడుము, డప్పు వేగం పెంచేకొద్దీ ఊపిరి ఆడదు. పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలన్నదే అందులో సంగతి. అందులో పులి ఎవరో, మనుషులెవరో, ఎవరు తప్పించుకున్నారో ఒక్క మాటలోనూ చెప్పరు. డైలాగు లేనిది కథెలా అవుతుందండీ? వలయంలో చేతులు పట్టుకోవడం ఒక బటన్, వేగం తప్పకుండా ఉండటం ఇంకో బటన్, ఎవరైనా చెయ్యి వదిలితే పులికి సందు దొరుకుతుంది అని మా కుర్రాడు ఏదో చెప్పబోయాడు. ఫోన్ వచ్చినట్టు నటించి పక్కకి తప్పుకున్నాను.

మన తాతలకీ ఇదే జబ్బు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి గెంతి మేకని తింటుంది. మేక ఎవరినీ చంపలేదు, అన్నీ కలిసి చుట్టుముట్టి పులి కదలకుండా చెయ్యడమొక్కటే దానికి చేతనైన పని. అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని, ఒక్క వాక్యం రాయకుండా ఇంత కథ నడిపేశారు. నా గేమ్‌లో ఆ లోపం సరిదిద్దాను. మేక చేతికి తుపాకీ ఇచ్చాను.

తుపాకీ అన్నాక అల్లూరి సీతారామరాజుని వదులుతామా! 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు, మూడు లెవెల్స్. చరిత్రే మనకి గేమ్ డిజైను చేసి ఇచ్చింది. అయితే నిజంగా జరిగింది జరిగినట్టు పెడితే నీరసంగా ఉంటుంది. ఆయన వస్తున్నానని మిరపకాయ టపా పంపాడట, స్టేషన్లో తుపాకులు తీసుకుని, ఏమేం తీసుకున్నాడో అక్కడి పుస్తకంలో రాసి మరీ వెళ్లాడట. రసీదు రాసిచ్చే హీరోతో ఏం చేసుకుంటాం? నా గేమ్‌లో ఆయన ఒక్కో స్టేషన్‌లో నాలుగొందలమందిని కూలుస్తాడు. ఎవరైనా పుస్తకంలో సంతకం పెట్టే బటన్ అడిగితే, ఆ కుర్రాణ్ణి నా దగ్గరికి పంపండి.

కోపం ఎక్కడినుంచి వచ్చిందన్నది కూడా మనమే రాసెయ్యాలి. ‘తెల్లదొరల దౌర్జన్యం పెచ్చుమీరింది’ అని తెర మీద ఒక వాక్యం వేస్తే చాలు. అలాకాకుండా, ఆటగాడి చేతికే గొడ్డలి ఇచ్చి పోడు కొట్టిస్తే, చోళ్లు చల్లించి మొలక వచ్చేదాకా కాయిస్తే, 1882 మద్రాసు అటవీ చట్టం పేరు చెప్పి ఆ చెలక మీద అడుగు పెట్టొద్దంటే, ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి పంపి, రాయి కొట్టే బటన్ వందసార్లు నొక్కించి, కూలి దగ్గర సున్నా చూపిస్తే? ఆటగాడికి తన కోపం తనకే వచ్చేస్తుంది. మనం రాసిచ్చిన కోపం వృథా అవుతుంది. రచయిత పేరు ఎవడికి గుర్తుంటుంది?

ముగింపు కొయ్యూరు, 1924 మే 7, సీతారామరాజుని కాల్చి చంపిన రోజు. అక్కడే ఆపండి. ఆయన వెంట పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొరల జోలికి పోవద్దు. ఇంగ్లీషు కాగితంలో ఆ పేర్లు చూసి మా పెట్టుబడిదారుడు “ఇంటిపేరే గేమా! బ్రాండింగు కుదిరిపోయింది” అని ఎగిరి గంతేశాడు, అంతవరకే వాటి ఉపయోగం. మల్లుదొర పట్టుబడి, అండమాను వెళ్లి, బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. పట్నంనుంచి వచ్చిన వీరుడి కథలో కొండమనిషి ఢిల్లీ దాకా నడిచివెళ్తే మన జీన్సుప్యాంటువాడి గతేం కావాలి?

అనుమతుల గురించి పిల్లలు తెగ బెంగపడతారు. అలాస్కాలో 2014లో ‘నెవర్ అలోన్’ అని ఒక గేమ్ చేశారు. కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే అక్కడి ఆదివాసుల సంస్థే పూనుకుని చేయించింది. ఇనుపియాట్ పెద్దలూ కథకులూ దాదాపు 40 మంది కూర్చుని సాయపడ్డారు. మంచుతుపాను ఎందుకు ఆగడంలేదో చూడ్డానికి బయల్దేరిన పిల్ల, తోడుగా ఒక నక్క, వెనక వాళ్ల భాషలోనే కథ చెప్పే గొంతు. లోకమంతా మెచ్చుకుంది, నిజమే. కానీ నలభైమంది పెద్దలకి టీలు ఎవరు పోస్తారు? మనకి అంత ఓపిక లేదు. పైగా మనకి చట్టం వెసులుబాటు ఉంది. బొర్రా దగ్గర గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, గిరిజన ప్రాంతంలో భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో తీర్పొచ్చింది. తీర్పు భూమి గురించే. కథల మాట అందులో లేదు. కాబట్టి తవ్వుకోండి.

పనిముట్ల విషయానికొస్తే, ముందు లక్షన్నర పెట్టి కంప్యూటరు కొనండి. కొన్నాక ఏం రాయాలో ఆలోచించొచ్చు. ట్వైన్, ఇంక్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి, కాబట్టి వాటి మొహం చూడకూడదు. వాటిలో రాస్తే బొమ్మలుండవు, కథ బాగుందో లేదో మొదటిరోజే తెలిసిపోయే ప్రమాదం ఉంది.

తిరుగు ప్రయాణంలో స్టేషను దగ్గర దింపుతూ మా కుర్రాడు, “ట్వైన్‌లో నేనూ ఒకటి చేసినాను సార్, నెట్ లేకపోయినా ఆడతాది,” అని నా ఫోన్‌లోకి ఒక ఫైలు పంపాడు. మొహమాటానికి తీసుకున్నాను. షిమిలిగుడ దాటాక, ఏమీ తోచక తెరిచాను. బొమ్మల్లేవు. డోలీ మోసే ఇద్దరిలో నేనొకణ్ణి. కర్రకి కట్టిన దుప్పట్లో నొప్పులు పడుతున్న మా వదిన. అంబులెన్సు ఆగే రోడ్డు కొండ కింద ఎక్కడో. ఉన్నవి రెండే బటన్లు: ‘భుజం మార్చు’, ‘దించు’. దించితే మనకి ఊపిరి వస్తుంది, పొద్దు వాలుతుంది. భుజం మార్చినప్పుడల్లా వదిన ఒక మాట అంటుంది. మొదట్లో, “మెల్లగా మరిదీ.” వాగు దగ్గర, “కాళ్లు జారుతున్నాయేటి?” ఆపైన మాటలు పొట్టివైపోతాయి. ఒకచోట నుంచి ఏమీ అనదు. బటన్లు మాత్రం రెండూ అలాగే ఉంటాయి.

మొదటిసారి ‘దించు’ ఎక్కువ నొక్కాను. బొర్రా గుహలు స్టేషన్ దాటాక మళ్లీ మొదలెట్టాను. సొరంగాల్లో బోగీ చీకటైపోతే ఫోన్ వెలుగులో ఆ రెండు మాటలే కనబడ్డాయి. శాస్త్రీయంగా చూస్తే అందులో ఎన్నో లోపాలు. కట్‌సీను లేదు, పట్నంవాడు లేడు, తేనెకుండలు లేవు, ముగింపులు 1,024 లేవు. పక్క సీటాయన టీ తీసుకుంటారా అంటే చెయ్యి ఖాళీ లేదన్నాను.

నా ఆఖరి సలహా: అలాంటివి ప్రయాణంలో ఆడకండి. నేను కొత్తవలసలో దిగాలి. విశాఖ ప్లాట్‌ఫారం మీద అందరూ దిగిపోయాక, బోగీ ఊడ్చే మనిషి వచ్చి లేపేదాకా భుజం మారుస్తూనే ఉన్నాను.