డబ్బా వెనుక వ్రాతకు టీకా తాత్పర్యం

మూలం

ఆ. చవక నూనె పోయ చల్లగా నుండునా
వెలయె జూచి కొనిన వెఱ్ఱి గాదె
డబ్బ వెనుక వ్రాత డాక్టరు చీటియౌ
చదివి పోయువాఁడె చతురుఁడయ్య

అవతారిక: భద్రాచలం నుంచి 35 కిలోమీటర్లు పోతే, గోదావరి ఒడ్డున పర్ణశాల. వాగు దగ్గర సీతమ్మ నారచీరలు ఆరవేసిందనే రాళ్లకు దండం పెట్టుకుని తిరిగి కారెక్కే భక్తుల్లో డీజిల్ బండి గలవారిని ఉద్దేశించి చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియదు. పద్యం చేతిరాతా వ్యాఖ్యాత చేతిరాతా ఒకటేనని గిట్టనివాళ్లు అంటారు. మూలంలో లేనిది రాయనని మల్లినాథ సూరి పంతం పట్టాడు. ఆయన కాలంలో టర్బో లేదు గనుక చెల్లింది.

ప్రతిపదార్థం: చవక నూనె = తక్కువ ధర ఇంజనాయిలు; పోయ = పోసినచో; చల్లగా = చల్లగా; ఉండునా = ఉండునా?

ఇక్కడ కాస్త ఆగాలి. షోరూము సంప్రదాయానికి చెందిన వ్యాఖ్యాతలు దీన్ని కాకువుగా పట్టుకుని, "ఉండదు" అని జవాబు వాళ్లే చెప్పేసుకున్నారు. మేము ఒప్పుకోము. ఇది నిజంగా అడిగిన ప్రశ్న, జవాబు "ఉండవచ్చు". రెండో పాదంలో కవి "వెల జూచి" అనలేదు, "వెలయె జూచి" అన్నాడు. ఆ ఏత్వం అవధారణార్థకం. ధర చూడటం తప్పు కాదు, ధర ఒక్కటే చూడటం వెర్రి. ఖరీదెక్కువ గనుక మంచిదే అయి ఉంటుందని కొన్నవాడు కూడా ఈ పాదం కిందికే వస్తాడు.

"చల్లగా" అన్నచోట శ్లేష. ఇంజను చల్లగా ఉండటం ఒకటి, యజమాని పిల్లాపాపలతో చల్లగా ఉండటం రెండోది. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఈ సీమలో మొదటి అర్థమే కష్టం. చిన్న డీజిల్ కారులో టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు. ఇరుసుకీ బేరింగుకీ మధ్య ఉండేది పలచని నూనె పొర. అది తెగితే టర్బో పోతుంది; బిల్లు చేతికొచ్చాక రెండో అర్థమూ పోతుంది.

డబ్బ వెనుక వ్రాత = డబ్బాకు వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నది. ముందువైపు రాతను కవి లెక్కచేయలేదు. అక్కడ బంగారు రంగు, దూకే మృగం, రెండు మూడు పొగడ్తలు ఉంటాయి. ఈ ఊరికి బంగారు రంగు మృగాలు కొత్త కాదు. మారీచుడి మాయేనని లక్ష్మణుడు ఆనాడే అన్నాడు, ఆ మాట చెల్లలేదు. (పంచవటి నాసిక్ దగ్గరదా, ఇక్కడిదా అన్న తగవు మరో టీకాకు వదిలేస్తున్నాం.)

వెనుక వ్రాతలో మొదటిది "5డబ్ల్యూ-30" వంటి సూత్రం. డబ్ల్యూ అంటే వెయిట్ అని కొందరు రాశారు, అపవ్యాఖ్య. వింటర్ అని అర్థం. ముందు అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5 అయితే సున్నాకు దిగువన 30 డిగ్రీల దగ్గర, 15 అయితే 20 డిగ్రీల దగ్గర పరీక్ష పెడతారు. పర్ణశాలలో ఆ చలి పడాలంటే యుగం మారాలి. పొద్దున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు నూనె టర్బోకు కాస్త ముందుగా చేరడమే 5 వల్ల ఇక్కడివాడికి లాభం. వెనుక అంకె 100 డిగ్రీల వేడిలో ఉండే చిక్కదనం. మనకు కావలసింది ఇది. చిక్కగా ఉంటే బలమని కారు పుస్తకం కాదన్నా 50 పోయించేవాళ్లున్నారు. ఆ బలం డీజిల్ తాగడంలో మాత్రం కనిపిస్తుంది.

తరువాత అక్షరాలు. ఏపీఐ అని ఉంటే, అది ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినదేమో, తెలంగాణ కారుకు పనికిరాదేమో అన్న శంక 2014లో చుట్టుపక్కల మండలాలు అటు పోయిన ఈ సరిహద్దులో సహజమే. కాదు, అది అమెరికా పెట్రోలియం సంస్థ. దాని గుర్తు ఎస్‌తో మొదలైతే పెట్రోలు బండికి, సీతో మొదలైతే డీజిలుకు: సీఐ-4, సీజే-4, 2016లో వచ్చిన సీకే-4. ఏసీఈఏ అని ఉంటే యూరప్ కార్ల తయారీదారుల సంఘం: ఏ3/బీ4, సీ2, సీ3.

ఈ సీ3 దగ్గర వేదాంతం మొదలవుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్ల పొగదారిలో డీపీఎఫ్ అనే వడపోత చేరింది. పొగలోని మసి అందులో చిక్కుకుంటుంది. బండి ఆగకుండా నిలకడగా పోతున్నప్పుడు లోపలి వేడిని 600 డిగ్రీల దాకా పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది, బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం ఇంజనాయిల్లో కలిపిన కాల్షియం, జింకు వంటి లోహపు మందులది. సీ3లో అది 0.8 శాతం దాటకూడదు; ఏ3/బీ4లో 1.6 దాకా ఉండవచ్చు. రెట్టింపు బూడిద నూనె పోసినవాడికి ఆ రోజు ఏమీ కాదు, ఆ ఏడూ ఏమీ కాకపోవచ్చు. వడపోత మాత్రం మెల్లమెల్లగా మూసుకుపోతుంటుంది. విభూతి నుదుటికి మంచిది, డీపీఎఫ్‌కు కాదు.

ఊళ్లూ స్పీడు బ్రేకర్లూ దాటుకుంటూ పోయే దారుల్లో ఇంకో చిక్కుంది. మసి కాల్చడం మధ్యలో ఆగుతూ ఉంటే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగిందని సంతోషించకూడదు.

చివరిది అనుమతి. "ఎంబీ 229.51", "వీడబ్ల్యూ 507 00" వంటి అంకెల పక్కన "అప్రూవ్డ్" అని ఉంటే కార్ల కంపెనీ ఆ నూనెను ఒప్పుకుందని. "మీట్స్", "సూటబుల్ ఫర్" అని ఉంటే నూనె కంపెనీ తనకు తానే ఇచ్చుకున్న మాట. అబద్ధమని కాదు, సాక్షి లేడని. కారు పేరుతో అమ్మే 'జెన్యూన్' ఆయిలు సంగతి కూడా చెప్పాలి. కార్ల కంపెనీ నూనె బావులు తవ్వదు. ఏదో నూనె కంపెనీ చేత చేయించి తన డబ్బాలో పోయిస్తుంది. కారు పుస్తకం అడిగిన అంకెలూ అక్షరాలూ అనుమతీ ఉన్న సర్వో గానీ మ్యాక్ గానీ పక్క అరలో తక్కువకు దొరికితే నిస్సంకోచంగా పోయించుకోవచ్చు.

తాత్పర్యం: కారు పుస్తకంలో ఉన్నదీ డబ్బా వెనుక ఉన్నదీ ఒకటైతే కొనుము, కాకపోతే మానుము అని కవి హృదయం.

పూర్వపక్షం: "మణుగూరు బొగ్గు లారీలకు పోసే ఆయిలే పోస్తే పోలా?" డీపీఎఫ్ లేని పాత కారైతే, పుస్తకం సీఐ-4 15డబ్ల్యూ-40 చాలంటే, నిక్షేపంగా పోవచ్చు. అలాంటి బండికి ఖరీదైన సీ3 పోయించి మురిసిపోవడం దానధర్మం. కొత్త బండికి మాత్రం పాత లారీ ప్రమాణం కాదు, ఆ లారీకి డీపీఎఫ్ లేదు.

"ధర మాటేమిటి?" ఐదు లీటర్లు పట్టే బండి, లీటరుకు 300 తేడా అనుకుందాం. 1,500 రూపాయలు. 10,000 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 15 పైసలు. భద్రాచలం నుంచి పర్ణశాల పోయి వస్తే పదిన్నర రూపాయలు, కొబ్బరికాయకు కూడా చాలవు.

"పోసిన వారానికే నల్లబడిందే?" డీజిల్ ఇంజన్లో మసిని పట్టి ఉంచడం నూనె పని. నీలమేఘశ్యాముడి క్షేత్రంలో నిలబడి నలుపును దోషమనేవాడికి జవాబు చెప్పం.

పాఠాంతరం: మూడో పాదంలో "డబ్బ"కు మారుగా "డబ్బు వెనుక వ్రాత" అని కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. గణం చెడదు, యతీ చెడదు. ఖాళీ డబ్బాల బేరంలో పుట్టిన పాఠమిది. పేరున్న డబ్బా చెక్కుచెదరకుండా ఉంటే దానికి కొనేవాళ్లుంటారు. లూజు ఆయిలు అందులో చేరి మళ్లీ అర ఎక్కుతుంది. అప్పుడు వెనుక వ్రాత ఎంత చదివినా లాభం లేదు. కనుక సీలు మన కళ్లముందే తీయించాలి, పోయడం అయ్యాక డబ్బాకు స్క్రూడ్రైవరుతో చిల్లు పొడిపించాలి. "ఎందుకు సార్, మంచి డబ్బా, నీళ్లకు పనికొస్తది" అంటాడు కుర్రాడు. ఆ మాట విన్నాక రెండో చిల్లు కూడా పొడిపించాలి.