పండుగప్పకు ఇంత మసాలానా!

మా రోజుల్లో పండుగప్ప ఇంటికొస్తే ఒక్క కూర వండి ఊరుకునేవాళ్లం కాదు. తలకాయ పులుసుకి, నడుం ముక్కలు ఇగురుకి, తోక వైపు వేపుడికి. ఇప్పుడు ఉయ్యూరులో ఏ ఇంటికెళ్లినా చేపంతా ఒకే గిన్నెలో, ఒకే మసాలాలో ఉంటోంది. అదీ కోడికూరకి వేసే మసాలాయే! దోసెడు అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా, పైన కసూరీ మేతి. నోట్లో పెట్టుకుంటే చేపో పనీరో తెలియదు.

అప్పట్లో బందరు గిలకలదిండి నుంచీ, నాగాయలంక, కోడూరు వైపు నుంచీ చేపల బుట్టలు మా ఉయ్యూరు సెంటర్లో దిగేవి. పండుగప్ప సముద్రాన్నీ ఏటినీ రెంటినీ ఎరిగిన చేప. ఉప్పునీళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఏటిమొగల్లోకీ మడ అడవుల పాయల్లోకీ వచ్చి పెరుగుతాయి. చాలావరకు మొదట మగవి, బాగా ఎదిగాక ఆడవిగా మారతాయి. పెద్ద చేప కొనేటప్పుడు మా అత్తగారు పొట్ట నొక్కి చూసేది గుడ్ల కోసమే. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసి, వీపు మీద వేలు నొక్కి ఆ గుంట మళ్లీ పూడితేనే బేరం మొదలుపెట్టేది. మొప్ప డిప్ప అంచు కత్తిలా కోస్తుంది, జాగ్రత్త. ఇప్పటివాళ్లు ఫోన్లో బొమ్మ చూసి ముక్కలు తెప్పించుకుంటున్నారు. మొప్పే లేని ముక్కలో తాజాతనం ఎక్కడ చూస్తారు?

చెరువు చేపని నేను తక్కువ చేయను. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ సీబా 1997లో హేచరీలో దీని పిల్లల్ని పుట్టించాక ఇది మన చెరువుల్లో పెరిగే దారి సులువైంది. లేకపోతే ఇప్పుడు మామూలు ఇళ్లకి ఈ చేప ఇంత తేలిగ్గా దొరికేది కాదు. దీనికి తిలాపియా పిల్లల్ని మేతగా వేసి పెంచుతున్నారు. ఒక్కోసారి బురద వాసన వేస్తుంది. దానికి మందు మసాలా కాదు. రాళ్లుప్పూ పసుపూ పట్టించి బాగా రుద్ది, పుల్లమజ్జిగలో కాసేపు ఉంచి కడిగితే చాలు.

ఇక పులుసు. మట్టిదాకలో నువ్వులనూనె కాగాక నాలుగు మెంతులు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేయాలి. ఉల్లిపాయ మెత్తబడ్డాక కారం, పసుపు, ఉప్పు. కిలో చేపకి పెద్ద నిమ్మకాయంత చింతపండు పిసికిన రసం పోసి, పచ్చివాసన పోయేదాకా మరగనిచ్చాకే తలకాయ, ముక్కలు వేయాలి. వేశాక గరిటె పెట్టకూడదు, దాకని రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. వేసవిలో చింతపండు తగ్గించి పుల్లమామిడికాయ ముక్కలు వేసేవాళ్లం. ఈ పులుసు పొద్దున వండి రాత్రికి తినాలి, మర్నాటికైతే ఇంకా బాగుంటుంది. వేడివేడిగా వడ్డించి రుచి లేదనే పిల్లలకి ఎన్నిసార్లు చెప్పాలి!

ఇగురుకి సన్నగా తరిగిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, కారం, అంతే. ముల్లు తక్కువ, కండ తెల్లగా దళసరిగా ఉంటుంది కాబట్టి పది పన్నెండు నిమిషాలకే ఉడుకుతుంది. కుక్కరు పెట్టి మూడు విజిల్స్ వేయిస్తే మిగిలేది పీచు. బెంగాలీలు ఇదే చేపని భేట్కీ అంటారు. ఆవాల ముద్ద పట్టించి అరిటాకులో చుట్టి పాతూరి చేస్తారు. అక్కడా ఆవ ఘాటే ముందు, పది పొడులు కుమ్మరించరు.

వేపుడు మరీ అన్యాయమైపోయింది. మొక్కజొన్న పిండి, కోడిగుడ్డు, ఎర్రరంగు. ఆ రంగు ఎందుకు? ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, ఇనప పెనం మీద కొద్ది నూనెతో సన్నసెగన రెండువైపులా కాలిస్తే తోక ముక్క దానంతట అదే ఎర్రబడుతుంది.

అన్నిటికంటే నాకు కడుపు మండేది తలకాయ దగ్గర. ఒలిపించి, బోన్‌లెస్ చేయించుకుని, తలకాయ అమ్మేవాడికే వదిలేసి వస్తున్నారు. పులుసుకి చిక్కదనం, జిడ్డు వచ్చేది ఆ తలలోంచీ, బుగ్గ కండలోంచీనే. డబ్బులిచ్చి కొన్న చేప అమ్మా, తలకాయ కూడా సంచిలో వేయించుకోండి. వండడం రాకపోతే మా ఇంటికి తీసుకురండి, దాక నేను పొయ్యి మీద పెడతాను.