ఒక్కరి ఒడిలో పెరగలేదు మేము

ఈ రోజుల్లో హిందూపురంలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగులుండే ఏ అద్దె ఇంట్లోనైనా ఒక చంటిబిడ్డ తల్లి ఫోను తీసి చూడండి. పాలు పట్టిన వేళ రాసుకోవడానికి ఒక యాప్, టీకాలు గుర్తుచెయ్యడానికి ఒకటి, పెద్ద పిల్లాడి స్కూలు వాట్సాప్ గ్రూపులు రెండు మూడు. వీటన్నిటివల్ల పుట్టిన ఆందోళన తగ్గించుకోవడానికి, ధ్యానం నేర్పే యాప్ మరొకటి. ‘ఈరోజు మీ మనసెలా ఉంది’ అని అది రాత్రి పదిన్నరకు అడుగుతుంది. పక్కింటి అమ్మాయి నాతో అనింది: “ఊపిరి నిదానంగా పీల్చమంటాది టీచరమ్మా ఇది. రెండుసార్లు పీల్చేలోపలే పిల్లోడు లేచేసినాడు.”

నా కోపం ఆ యాప్ మీద కాదు. తల్లి చుట్టూ మనుషులు లేకుండా చేసి, ఆమె చేతికి ఫోనిచ్చి, ప్రశాంతంగా ఉండడం కూడా నీ పనే అని ఆమె నెత్తినే పెట్టాం. నా కోపం దానిమీద.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల వీధిలో. ఇంట్లో పెద్ద గదంతా మగ్గమే. గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన నేసేవాడు. పక్కన రాట్నం ముందు అమ్మ కండెలు చుట్టేది. దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి, దాని తాడు నాయన చేతికి అందేటట్టు వదిలేవాళ్లు. బిడ్డ ఏడిస్తే ఎవరి పని అనే ప్రశ్నే లేదు, ముందు ఎవరి చెయ్యి అందితే వాళ్లది. నాయన పోగు అతుకుతుంటే అవ్వ ఎత్తుకునేది. అవ్వ పొయ్యి దగ్గరుంటే ఎదురింటి అత్త వచ్చి చంకన వేసుకుని పోయేది. ఆ బిడ్డ మధ్యాహ్నం యాడ తిన్నాడో, యాడ నిద్రపోయాడో అమ్మకు సాయంత్రానికి గాని తెలిసేది కాదు. తెలియలేదని ఆమెకు దిగులూ ఉండేది కాదు.

తొలి కానుపు పుట్టింట్లోనే. మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా బాలింతను పంపేవాళ్లు కాదు. పథ్యం పెట్టేది ఒకరు, నీళ్లు పోసేది ఒకరు, సాంబ్రాణి వేసేది ఒకరు. ఆ పథ్యాల్లో కొన్ని ఇప్పటి డాక్టర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. కానీ ఆ నెలల్లో పిల్లకు కంటినిండా నిద్ర దొరికేది. ఇప్పుడు కాన్పయిన పదిహేనో రోజుకే గదిలో తల్లీ బిడ్డా మిగులుతున్నారు. భర్త షిఫ్టుకు పోతాడు, లేదా తెల్లవారి రైలెక్కి బెంగళూరుకు పోతాడు. అత్తగారు ఇంకో జిల్లాలో ఉంటుంది, వీడియో కాల్‌లో కనిపిస్తుంది.

జోలపాట సంగతి కూడా చెప్పాలి. అది బిడ్డ కోసమే అనుకుంటాం. పాట పాడాలంటే ఊపిరి పొడుగ్గా, మెల్లగా వదలక తప్పదు. పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు సాగితే గుండె వేగం తగ్గుతుంది. నాలుగు లెక్కపెట్టి పీల్చు, ఆరు లెక్కపెట్టి వదులు అని యాప్‌లు నేర్పేదీ ఇదే. మా అవ్వకు ఆ లెక్క తెలియదు. కానీ రాత్రి రెండు గంటలకు ఉయ్యాల ఊపుతూ ఆమె పాడితే బిడ్డతోపాటు పక్కన పడుకున్న అమ్మ కూడా నెమ్మదించేది. ఇప్పుడు జోలపాట యూట్యూబ్ పాడుతోంది. బిడ్డ నిద్రపోతాడు, తల్లి మాత్రం ఆ వెలుగులో మేలుకునే ఉంటుంది.

మా ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నా చిన్నతనంలో ఆట పెట్టారంటే తెల్లవార్లూ సాగేది. చాప, చెంబు, వేయించిన చెనక్కాయలు పట్టుకుని ఆడవాళ్లంతా చంటిపిల్లలతో సహా పోయేవాళ్లు. పిల్లలు ఎవరి ఒళ్లో పడితే వాళ్ల ఒళ్లో నిద్ర. రామాయణంలో సీత ఏడిస్తే వీళ్లూ ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపులో తమ ఇంటి ఏడుపు ఎంత ఉందో ఎవరూ అడిగేవాళ్లు కాదు. మనసు తేలికపరుచుకోవడమనే పని పదిమంది మధ్య జరిగేది. అదే పనిని ఇప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా చేసుకోమంటున్నాం.

మా రోజులన్నీ బాగుండేవని మాత్రం చెప్పను. కానుపు తర్వాత ఊరికే ఏడుస్తూ, బిడ్డ ముఖం చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్న ఆడవాళ్లను చిన్నప్పుడు చూశాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు. అది జబ్బని, దానికి మందుందని ఒక్కరూ చెప్పలేదు. మగవాళ్ల సంగతి ఇంకా ఘోరం. చీర కోసేదాకా షావుకారు దగ్గర పైసా పుట్టదు, తీసుకున్న అడ్వాన్సు తీరదు. పట్టుచీరల నేతను చేమగ్గాలకే ప్రత్యేకించే చట్టం 1985లో వచ్చింది. అయినా అదే డిజైను మరమగ్గం మీద దిగి సగం ధరకు అమ్ముడుపోయేది. అప్పులు తట్టుకోలేక ప్రాణం తీసుకున్న ధర్మవరం నేతగాళ్ల వార్తలు చదివి చదివి ఉన్నాం. వాళ్లూ తండ్రులే. ఆ తండ్రికి అర్ధరాత్రి ఫోన్ చేసి మాట్లాడే చోటు ఉండుంటే అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఆ చోటు ఇప్పుడుంది. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మనిషే మాట్లాడతారు. దీన్ని వెనక నుంచి నడిపించే ప్రధాన సంస్థ మనకు దగ్గరి బెంగళూరులోని నిమ్హాన్స్. 2024 అక్టోబర్ 10న దీనికి యాప్ కూడా తెచ్చారు. ఇంత మేలైన సంగతి మా వీధిలో ఎంతమందికి తెలుసో అని అడిగి చూస్తే, తెలిసినవాళ్లు కనపడలేదు. ఆ బెంగళూరులోనే పుట్టిన వైసా అనే యాప్‌లో ఒక పెంగ్విన్ బొమ్మ ఇంగ్లీషులో మాట కలుపుతుంది. అది చదువుకున్న పిల్లలకు తెలుసు. హిందూపురం దగ్గరి తూముకుంటలో మిషను కుట్టి ఇంటికొచ్చే తల్లి తన బాధను ఇంగ్లీషులో ఎట్లా చెప్పుకుంటుంది?

యాప్‌తో మేలు జరిగిన ఊళ్లూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి, అదీ చెప్పి తీరాలి. పశ్చిమగోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అని ఒక పథకం నడిపారు. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ పోయి, నిద్ర పడుతోందా, దేనిమీదైనా ఆసక్తి ఉందా అని తెలుగులో అడుగుతుంది. దిగులు ఎక్కువున్నవాళ్లను యాప్ గుర్తిస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెబుతుంది, ఆశా మళ్లీ వచ్చి కనుక్కుంటుంది. గిరిజన గ్రామాల్లో మొదటిసారి చేసినప్పుడు, అంతకుముందు అట్లాంటివాళ్లలో నూటికి ఒక్కరు కూడా వైద్యానికి పోయేవాళ్లు కాదు, తర్వాత పన్నెండుమందికి పైగా పోయారు. ఇంకా చాలామంది మిగిలారు నిజమే. కానీ అక్కడ తలుపు తట్టింది మనిషి. యంత్రం ఆమె చేతిలో ఉంది. ఇక్కడ మనం తలుపు తట్టే మనిషిని తీసేసి యంత్రాన్ని మాత్రం పంపుతున్నాం.

నేను పెనుకొండలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఆ ఊళ్లో కోట, చింతచెట్లు, బాబయ్య దర్గా ఉరుసుకు వచ్చే జనం తప్ప సందడి ఉండేది కాదు. 1565 తర్వాత విజయనగర రాజులు వచ్చి రాజధాని చేసుకున్న ఊరు, ఆ తర్వాత చాలా కాలం సద్దుమణిగి ఉండింది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికి రావడంతో అద్దెలు పెరిగాయి, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చారు. ఉద్యోగాలు వచ్చినందుకు సంతోషమే. ఊరు కాని ఊళ్లో కాపురం పెట్టిన ఆ జంటలకు పిల్లలు పుడితే ఎవరు ఎత్తుకోవాలని మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. అంగన్‌వాడీ ఉంది, కానీ అది సాయంత్రానికి మూసేస్తారు, షిఫ్టు రాత్రి దాకా ఉంటుంది.

చట్టమైతే ఆలోచించింది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. యాభైమంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసి రావచ్చు. ఉద్యోగులకు వెల్‌నెస్ యాప్ ఇచ్చామని గొప్పగా చెప్పుకునే యజమాని ఎవరైనా సరే, ముందు ఆ ఉయ్యాలలున్న గది చూపించాలి. ఆ గది లేకుండా ధ్యానం నేర్పితే తల్లి కళ్లు మూసుకున్నా మనసు ఇంటి దగ్గర బిడ్డ మీదే ఉంటుంది.

నా ఈడువాళ్లనూ అడగాల్సింది ఉంది. మనల్ని పదిమంది పెంచారు. మనం మాత్రం సాయంత్రం సీరియల్ ముందు కూర్చుని, ఈ కాలం ఆడపిల్లలకు ఓపిక లేదని మాట్లాడుకుంటున్నాం. ఓపిక ఒక్కరిలో ఉండేది కాదమ్మా, వీధంతా తలా ఇంత పంచుకునేవాళ్లు. హిందూపురంలో మా వీధిలో రిటైరయినవాళ్లం కొందరం కలిసి, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పిల్లల్ని మా వసారాలో ఉంచుకుంటున్నాం. రాగిముద్ద చేసిపెట్టేది ఒకరు, కథ చెప్పేది ఒకరు. ఆ రెండు గంటలు పక్కింటి అమ్మాయి ఎక్కువగా నిద్రపోతుంది. టెలీ మానస్ నంబరు వసారా గోడమీద సుద్దతో పెద్ద అక్షరాలతో రాశాను, బిడ్డను దింపడానికి వచ్చే ప్రతి తల్లికీ తండ్రికీ కనపడేటట్టు.