మాన్యువల్ మాస్టారు

పెళ్లి ఫోటోలు తీసేవాళ్లలో ఊరికొకాయన ఇలాంటివారుంటారు. అసలు పేరు విజిటింగ్ కార్డు మీదే ఉంటుంది. కుర్ర ఫోటోగ్రాఫర్లకి మాత్రం ఆయన మాన్యువల్ మాస్టారు. ఫ్లాష్ మీద, వెలుగు లెక్కని కెమెరాకే వదిలేసే టీటీఎల్ మీట కనబడకుండా నల్లటేపు అంటించేసిన మనిషి. "వెలుగెంత కావాలో నాకు చెప్పడానికి అదెవర్రా?" అన్నది ఆయన సిద్ధాంతం. 1975లో ఒలింపస్ ఓఎం-2 వచ్చి, ఫిల్మ్ మీద పడి తిరిగొచ్చే కాంతిని కెమెరాయే కొలిచి ఫ్లాష్‌ని ఆపేసిన రోజు నుంచే లోకం చెడిందని ఆయన నమ్మకం.

మండపంలోకి రాగానే ఎవరికీ నమస్కారం పెట్టరు. పీటల దాకా అడుగులు కొలుస్తారు. "గైడ్ నంబరు 40. ఐదు మీటర్లు. అంటే ఎఫ్ 8. రెండున్నరకొస్తే ఎఫ్ 16." ఫ్లాష్ బలాన్ని దూరంతో భాగించే ఈ ఎక్కం పంతులుగారి మంత్రాలకు సమాంతరంగా సాగుతూనే ఉంటుంది. షట్టర్ స్పీడు తగ్గిస్తే వెనకాల సీరియల్ సెట్లు వెలుగుతాయే తప్ప పెళ్లికూతురి మొహం మీది ఫ్లాష్ వెలుగు మారదని, వీడియో లైటు పట్టుకున్న కుర్రాడికి కూడా బోధిస్తారు. వాడు పాపం భోజనాలు ఎప్పుడా అని చూస్తుంటాడు.

నవ్వుతాం గానీ, మధుపర్కాల దగ్గర ఆయనదే గెలుపు. ఇప్పటి టీటీఎల్ ముందుగా ఒక చిన్న మెరుపు వదిలి, తిరిగొచ్చిన కాంతిని బట్టి అసలు మెరుపును తూస్తుంది. ఎదురుగా ఏమున్నా అది నడిమిరకం బూడిదరంగే అనుకుంటుంది. తెల్లటి మధుపర్కాలు కనబడగానే వెలుగు ఎక్కువైందని కంగారుపడి కోసేస్తుంది. దాంతో కొత్తబట్టలు ఉతకనివాటిలా వస్తాయి. రిసెప్షన్‌లో నల్లకోటు కనబడితే ధారాళంగా కుమ్మరిస్తుంది. అప్పుడు పెళ్లికొడుకు మొహం నిజంగానే తెల్లబోతుంది. పైగా ఆ తొలిమెరుపుకే రెప్పలు వాల్చేసే పిన్నిగార్లు ప్రతి వంశంలోనూ ఉంటారు.

"మావయ్యా, తెల్లబట్టలకి ప్లస్ వన్, నల్లకోటుకి మైనస్ వన్ పెడితే చాలు కదా?" అంటాడు మేనల్లుడు.

"అంటే దానికి తెలీదని నువ్వే ఒప్పుకున్నావు!"

మేనల్లుడి మాటే సబబని నా అభిప్రాయం. కానీ మాస్టారికి వినబడేలా అనను. మా ఇంట్లో ఇంకా పెళ్లిళ్లున్నాయి.

మనుషులు కదిలితేనే ఆయనకి చిక్కు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుందని ఆయనకి తెలుసు, ఊరేగింపుకి తెలీదు. అందుకని ఊరేగింపునే ఆపుతారు. "బాబూ, కారు అక్కడే! ఐదు మీటర్లు దాటకు!" ఫుల్ పవర్‌లో కొట్టిన ఫ్లాష్ మళ్లీ ఛార్జవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది కనుక, మాంగల్యధారణ కూడా ఆ లెక్కలోనే జరగాలి. రెండో ముడి చేతిలో పట్టుకుని పెళ్లికొడుకు వంగి నిలబడతాడు. గట్టిమేళం వాయించే సన్నాయి ఆయన బుగ్గలు దించే వీల్లేదు. పంతులుగారు కళ్లెర్రజేస్తే, "మీ ముహూర్తానికి పది నిమిషాలు అటూ ఇటూ ఉంటుందండీ, నా లైటుకి ఉండదు" అంటారు.

రిసెప్షన్ స్టేజీ ఆయన సామ్రాజ్యం. కార్పెట్ మీద తెల్లటేపుతో గీత. ఆ గీత మీద నిలబడితే ఎర్ర పట్టుచీరయినా, తెల్ల లాల్చీ అయినా మొదటి కవరు నుంచి చివరి కవరు దాకా మొహాలన్నీ ఒకే వెలుగులో వస్తాయి. ఆల్బం వేసేవాళ్లు ఆయన ఫోటోలంటే ప్రాణం పెట్టేది ఇందుకే.

ఇంతలో ఎమ్మెల్యేగారు పూలబొకేతో వచ్చారు. గీత దాటారు. గన్‌మెన్లూ దాటారు. పెళ్లికొడుకుని ముందుకు లాగి భుజం మీద చెయ్యి వేసి, లెన్స్‌లోకి వచ్చేస్తున్నంత దగ్గరగా నవ్వారు. మాస్టారు కెమెరా దించారు.

"ఒక్క మీటరు వెనక్కి... నువ్వు కాదు బాబూ, ఎమ్మెల్యేగారు!"