సున్నం కొట్టిన చేతికి షేడ్ కార్డు

మావాడు గుంటూరులో ఇల్లు కట్టాడు. పునాదులు తీసి గోడలు లేపడానికి పట్టినంత కాలమూ పట్టేట్టుంది రంగులు తేల్చడానికి. హాలుకొకటి, పడకగదికొకటి, టీవీ వెనక గోడకు ఇంకొకటి. మూడు గోడలు ఒక రంగులో ఉండి నాలుగోది వేరేగా ఉంటే దాన్ని హైలైట్ గోడ అంటారట. మా రోజుల్లో అలా కనబడితే, పాపం సున్నం చాలలేదు కాబోలు అనుకునేవాళ్ళం.

మా పల్నాడు పల్లెలో అసలు రంగు ఎంచుకోవడమనే మాటే లేదు. సంక్రాంతి నెల పట్టిందంటే ఊరంతా వెల్ల వేసుకోవాల్సిందే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు మాకు దగ్గరే, బండి మీద రాయి దిగేది. పెరట్లో గోలెంలో ఆ రాయి వేసి నీళ్ళు పోయగానే బుసబుసా పొంగి కుతకుతా ఉడికేది. పొయ్యి లేదు, నిప్పు లేదు, గోలెం అంచు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. కంట్లో పడితే చూపు పోతుందని పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. నానిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, గోడ పట్టుకోవడానికి తుమ్మబంక నీళ్ళు పోసి, ఆఖర్న నీలిమందు కలిపేవారు. ఆ నీలిమందు దగ్గరికి మా అమ్మ ఇంకెవర్నీ రానిచ్చేది కాదు. ఎక్కువైతే గోడ నీలం తిరుగుతుంది, తక్కువైతే పసుపు కొడుతుంది. ఈతమట్ట చివర దంచి పీచు తీసిన కుంచెతో ఒక చెయ్యి నిలువునా, అది ఆరాక ఒక చెయ్యి అడ్డంగా. కొడుతున్నప్పుడు గోడ బూడిదగా నీళ్ళోడుతూ ఉంటుంది, ఏమీ పట్టలేదే అనిపిస్తుంది. ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. కింద మూరెడెత్తు జాజు పట్టె, గడపకు పసుపు. దాంతో ఇల్లు పండగకు సిద్ధం.

అది ఉత్త తెలుపనుకునేరు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గోడ మీద మళ్ళీ రాయిగా మారుతుంది. పురుగూ బూజూ దాని క్షారానికి ఆగవు. మట్టిగోడలో చెమ్మ ఉంటే బయటికి పోనిస్తుంది. కాకపోతే అరుగు మీద గోడకానుకుని కూర్చున్న పెద్దమనిషి లేచేసరికి వీపంతా తెల్లన. అది చూసి నవ్వేవాళ్ళమే గాని, గోడ మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడే ఉంది కిటుకంతా. ఏటేటా వేసుకునే రంగు గనక మాకు భయం లేదు. ఈ ఏడు నీలిమందు ఎక్కువైందా, వచ్చే సంక్రాంతికి చూసుకుందాం. ఇప్పుడు డబ్బా మీద ఇన్నేళ్ళ వారంటీ అని పెద్దక్షరాలతో వేస్తున్నారు. అన్నేళ్ళు మొహం మీద నిలబడే రంగనేసరికి మొగుడూపెళ్ళాలకు నిద్ర కరువు. నచ్చకపోతే గోకించి లప్పం, ప్రైమరు మళ్ళీ మొదలు.

మధ్యలో ఇంకో కాలం నడిచింది. బయట గోడలకు స్నోసెం, లోపల డిస్టెంపరు, కిటికీలకు ఆకుపచ్చ ఎనామిలు. స్నోసెం వేశాక గోడకు నీళ్ళు కొట్టాలి, అది సిమెంటు రంగు మరి. పెయింట్ల కొట్లో ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద చేత కుంచె పట్టుకున్న గట్టూ అనే కుర్రాడు ఉండేవాడు. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన బొమ్మ అది. కొట్లో దొరికేవి పిస్తా, గులాబి, లేత నీలం. అందులో ఒకటి వేలుపెట్టి చూపించి, డబ్బా సైకిలుకు కట్టుకుని వచ్చేవాళ్ళం.

ఇప్పుడు కొట్లో యంత్రం ఉంది. తెల్ల డబ్బాలో చుక్కలు చుక్కలుగా రంగులు పోసి గడగడలాడించి ఇస్తుంది. మా కోడలు ఫోనులో గోడ ఫోటో తీసి వేలితో నొక్కితే రంగు మారిపోతుంది. “మామయ్యగారూ, ఇది బావుందా, ఇది బావుందా?” అని అడిగింది. రెండూ ఒకటే కదమ్మా అన్నాను. “అయ్యో, రెండోదాంట్లో గ్రే పాలు ఎక్కువండీ” అంది. నిజమే కావచ్చు. కానీ ఆ గ్రే కొట్లో ట్యూబులైటు కింద ఒకలా, ఇంట్లో పసుపు బల్బు కింద ఒకలా, మధ్యాహ్నం తూర్పు గదిలో ఇంకోలా కనిపిస్తుంది. జానెడు కాగితం చూసి గదంతా ఊహించుకునే బదులు, గోడ మీద రెండు చేతులు వేయించి పగలూ రాత్రీ చూడండర్రా అంటే, టైం లేదు నాన్నా అంటాడు మావాడు. ఫోను చూడ్డానికి మాత్రం ఉంది.

రంగు తేలాక ఫినిషట. మ్యాట్, శాటిన్, గ్లాసీ. నన్నడిగితే రంగుకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే, దీని ఊసే ఎవరికీ పట్టదు. మెరుపు ఎక్కువైనకొద్దీ మరక తుడిస్తే పోతుంది గాని, గోడలో ఉన్న ఎత్తుపల్లాలన్నీ బయటపెడుతుంది. మ్యాట్ ఆ లోపాలన్నీ కప్పెడుతుంది గాని, తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఆ చోటే మెరుపు తేలి మచ్చ పడుతుంది. మావాడు కిటికీ పక్క గోడకు నమూనాగా మెరుపు రంగు వేయించాడు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేసరికి మేస్త్రీ లప్పం ఎక్కడెక్కడ మెత్తాడో దాగలేదు. గోడలమీద ఏనుగులు గీసే మనవడి గదికి మాత్రం మ్యాట్ కావాలట!

బయట గోడలకు ముదురు బూడిదరంగు అన్నారు. ఒరేయ్, రెంటచింతల ఎండలు పేపర్లో చదవలేదా? నల్లటి గోడ ఆ ఎండంతా తాగి రాత్రంతా లోపలికి వదులుతుంది. డాబా మీద సున్నం కొట్టించమంటే నాది చాదస్తమన్నారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం అలాంటి పనికే కూల్ రూఫ్ విధానమని పేరు పెట్టేసరికి ఫోనులో నాకే పంపించి చదవమన్నారు.

అంతకన్నా విడ్డూరం హైదరాబాదులో మా మేనకోడలి ఇంట్లో. హాల్లో ఒక గోడ మచ్చలు మచ్చలుగా ఉంటే చెమ్మెక్కిందేమో అనుకున్నాను. లైమ్‌వాష్ ఫినిషట, డిజైనరు చెప్పి వేయించాడట. ధర విన్నాక సోఫాలో సర్దుక్కూర్చున్నాను. పిడుగురాళ్ళ మనిషిని పట్టుకుని సున్నం వేయించామని గొప్పగా చెబుతారేమిటమ్మా?

అంతా మా రోజుల్లోనే బాగుందని అననులెండి. ఆ ఎనామిలు రంగుల్లో సీసం ఉండేది, కిటికీ పెచ్చులు ఊడితే పిల్లలు నోట్లో పెట్టుకునేవారు. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. మంచిపని. షేడ్ కార్డు ముందు గంటలు గంటలు కూర్చునే వాళ్ళలో డబ్బా వెనక ఆ సన్నక్షరాలు చదివేవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

గోడను చూసేవాడూ తగల్లేదు. సిమెంటు ప్లాస్టరింగు చేశాక నాలుగు వారాలన్నా ఆరాలి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చిందని పచ్చి గోడ మీదే లప్పం పెట్టి రంగేస్తే, లోపలి చెమ్మ దారి లేక బొబ్బలు తేలుస్తుంది, ఆనక పెచ్చులు. మా పక్కవీధిలో అలాగే అయింది, పాలు పొంగించిన మూడో నెలకే. ఇక్కడ బాత్రూం వెనక గోడ అడుగున ఇప్పటికే తెల్లగా ఉప్పు పూస్తోంది. చూపించాను. “దానికి డార్క్ షేడ్ వేసేద్దాం నాన్నా, కనబడదు” అన్నాడు మావాడు.

మీ గదులు మీ ఇష్టం, నా గదికి మాత్రం తెల్లరంగు వేసి ఊరుకోండి అన్నాను.

“అలాగే మామయ్యగారూ,” అంటూ కోడలు సంచీలోంచి ఇంకో కార్డు తీసింది. “వార్మ్ వైటా, కూల్ వైటా?”