వంటింటి విలేకరి

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయనకు వంటిల్లంటే మంచినీళ్ళు దొరికే చోటు. రిటైరైన మర్నాటి నుంచీ అదే ఆయన ఆఫీసు. అపార్ట్‌మెంట్‌లో పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయిగారే. విజయవాడ పటమటలో ఉంటారు, హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటారు, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వద్దామని వెళ్తే న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ ఉంటారు. ఫ్లాటు నంబరు మారుతుంది గానీ మనిషి మారడు.

వంట, వేషం, వింతవార్త. బాబాయిగారికి ఈ మూడూ ప్రాణం. దేనికదే అయితే ఎవరికీ పేచీ లేదు. ఆయన మూడింటినీ ఒకే పొయ్యి మీదకి ఎక్కిస్తారు. పేపరు రాగానే మొదటి పేజీ రాజకీయాలు పిన్నిగారికి వదిలేసి, లోపలి పేజీ మూలన చిన్న డబ్బా కట్టి వేసే వార్త దగ్గరికి నేరుగా వెళ్తారు. మనం చదివి నవ్వుకుని ఊరుకుంటాం, లేదా వాట్సాప్ గ్రూపులోకి తోసి చేతులు దులుపుకుంటాం. ఆయన అలా కాదు. సాయంత్రానికల్లా ఆ వార్త నిజానిజాలు తన వంటింట్లో తేల్చాల్సిందే.

2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం అమ్ముతున్నారని పుకారు లేచింది గుర్తుందా? అన్నం ముద్దని బంతిలా చుట్టి నేలకేసి కొడితే ఎగురుతున్న వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. అధికారులు నమూనాలు తీసుకెళ్ళి పరీక్ష చేయించి, ప్లాస్టిక్ లేదు గిస్టిక్ లేదన్నారు. బాబాయిగారు అంతవరకూ ఆగలేదు. డైనింగ్ టేబుల్ పక్కకి జరిపి, గచ్చు తుడిపించి, స్కేలు గోడకి ఆనించి మరీ మొదలెట్టారు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి ముద్ద ఎగిరింది. రేషన్ బియ్యం ముద్ద దానికంటే పైకి ఎగిరింది. నిన్నటి చద్దన్నం ముద్ద సోఫా కిందికి దొర్లింది. అన్నంలో ఉండేదే పిండిపదార్థం, గట్టిగా నొక్కి చుడితే ఏ అన్నమైనా కాస్త ఎగురుతుంది. కానీ ఆ సంగతి పనిమనిషి చెప్పేదాకా బాబాయిగారు ఒప్పుకోలేదు. "మా పిల్లలు రోజూ ఆడతారు కదండీ" అందామె, సోఫా కింద చీపురు పెట్టి ముద్దని బయటికి లాగుతూ.

తమాషా ఏమిటంటే, బ్రిటిష్ వాళ్ళు అమాయకులని నవ్వేది ఈయనే. 1957 ఏప్రిల్ 1న బీబీసీ వాళ్ళు 'పనోరమా' కార్యక్రమంలో, స్విట్జర్లాండ్‌లో చెట్ల నుంచి స్పగెటీ కోస్తున్నట్టు ఒక చిన్న సినిమా చూపించారు. అది ఏప్రిల్ ఫూల్ వేళాకోళం. నమ్మిన వాళ్ళు ఫోన్ చేసి, ఆ మొక్క పెంచడం ఎలాగని అడిగారు. ఈ కథ చెప్పినప్పుడల్లా బాబాయిగారు పడీపడీ నవ్వుతారు. "సేమ్యా చెట్టుకు కాస్తుందా అని అడిగినట్టుంది!" అంటారు. అన్నం బంతుల సంగతి పక్కనెవరైనా ఎత్తితే మాత్రం, తాలింపు మాడుతోందని లేచి వెళ్ళిపోతారు. ఆ సమయానికి స్టవ్ మీద ఏమీ ఉండదు.

2023 జూలైలో టమాటా ధర ఆకాశాన్నంటింది. ఉత్తర, తూర్పు భారతంలో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు బర్గర్లలోంచి టమాటా తీసేశారు. వారణాసిలో ఒక కూరగాయల కొట్టు ముందు టమాటాలకు కాపలాగా బౌన్సర్లను నిలబెట్టారు. ఈ రెండో వార్త బాబాయిగారికి తెగ నచ్చింది. ఉద్యోగంలో ఉన్నప్పటి సఫారీ సూటు బీరువాలోంచి తీసి, పొట్ట దగ్గర బొత్తాము పెట్టకుండానే తొడుక్కుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని ఫోటో దిగారు. పిన్నిగారు ఆయన్ని పక్కకి జరగమని, ఫ్రిజ్‌లోంచి కొత్తిమీర తీసుకుని, చింతపండుతో చారు పెట్టేశారు. "టమాటా లేకుండా చారా!" అని ఆయన ఆశ్చర్యపోతే, "మీ అమ్మగారు పెట్టింది ఇదేగా" అన్నారావిడ. నిజమే. టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఆ మాటకొస్తే మిరపకాయా అంతే. గుంటూరు వాళ్ళకి ఈ మాట చెప్పే ధైర్యం బాబాయిగారికి ఇంతవరకూ రాలేదు.

2024 నవంబరులో మరో వార్త. గోడకి టేపుతో అతికించిన ఒక అరటిపండు న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ ఆలోచన అది. కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ పది రోజులు తిరక్కుండానే దాన్ని ఒలుచుకు తినేశాడు. బాబాయిగారికి పండు దొరకలేదు గాబోలు, కూర అరటికాయ తెచ్చి వంటింటి గోడకి బ్రౌన్ టేపుతో అతికించారు. కింద ధర కూడా రాశారు. సాయంత్రం చూస్తే గోడ మీద టేపు మాత్రమే ఉంది. ఆ రాత్రి ఆ ఇంట్లో అరటికాయ ఆవపెట్టిన కూర. రుచిలో అది న్యూయార్క్ పండుకేం తీసిపోయి ఉండదని నా అనుమానం.

బాబాయిగారు వంట వీడియోలు కూడా తీస్తారు. ఆ విషయంలో ఆయన గురువు మస్తానమ్మగారు. తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెలో (కృష్ణా జిల్లా గుడివాడ కాదు) పొలం గట్టున కట్టెలపొయ్యి పెట్టుకుని వండుతూ, నూరేళ్ళు దాటాక యూట్యూబ్‌లో ప్రపంచానికి తెలిసిన అవ్వ. 2018 డిసెంబరులో పోయేనాటికి వయసు 107 అని చెప్పుకునేవారు. పుచ్చకాయ డొల్లలో ఆవిడ వండిన కోడికూర ఖండాంతరాలు దాటింది. అది చూసే బాబాయిగారు టెర్రస్ మీద మూడు ఇటుకలు పేర్చి మంట రాజేశారు. పుచ్చకాయ వేడెక్కకముందే వాచ్‌మన్ బకెట్టు నీళ్ళతో వచ్చాడు.

అప్పటి నుంచీ షూటింగులన్నీ వంటింట్లోనే. నడుం పైన పోచంపల్లి ఇక్కత్ చొక్కా, కింద గళ్ళ లుంగీ. కెమెరాలో నడుం దాకానే పడుతుంది కదా అని ఆయన ధీమా. పక్కనున్న స్టీలు గిన్నె సంగతి ఆయన గమనించరు. పిన్నిగారు దాన్ని చింతపండు పెట్టి అద్దంలా తోముతారు. వీడియో పొడుగునా అందులో లుంగీ, పైకి ఎగదోసి కట్టిన తీరు, ఒక కాలితో ఇంకో కాలు గోక్కోవడం, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. చూసినవాళ్ళలో ఎక్కువమంది వంట గురించి ఒక్క ముక్క రాయరు.

ఈ మధ్య బాబాయిగారు ఒక శాస్త్రసత్యం కనిపెట్టారు. కందిపప్పులో పులుపు ముందే వేస్తే సరిగా ఉడకదట. పులుపు వల్ల పప్పులోని పెక్టిన్ మెత్తబడదు కాబట్టి గోంగూరని తర్వాత కలపాలట. నోట్‌బుక్‌లో బొమ్మ కూడా గీశారు. పిన్నిగారు అది చూసి, తనకు ఎనిమిదో తరగతిలో ఉండగానే తెలుసన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, ఆవిడ పేరు కూడా నోట్‌బుక్‌లో సహపరిశోధకురాలిగా చేర్చారు.

మీ బ్లాక్‌లోనూ ఇలాంటి బాబాయిగారు ఉండే ఉంటారు. సాయంత్రం ఏడింటికి గిన్నె పట్టుకుని మీ తలుపు కొడితే, ఆకలి లేదని అనకండి. గోంగూర పప్పు వరకూ ఆయన చెయ్యి నిజంగా మంచిది. పప్పు పుచ్చుకోండి, వార్త వినండి, పుచ్చకాయ మాట ఎత్తితే మాత్రం వాచ్‌మన్‌కి ముందుగా ఒక కబురు పెట్టండి.